ఇంటికి పోయే చొక్కా

ధనుంజయరావు కోటు పొట్ట దగ్గర రెండంగుళాలు చాలలేదు. లావైంది తను కాదనీ, కోటే ముడుచుకుపోయిందనీ ఆయన వాదన.

"ఉన్ని గుడ్డ గదమ్మాయ్, పెట్టెలో పడుంటే దగ్గరబడుద్ది," అంటూ ఊపిరి బిగబట్టి నిటారుగా నిలబడ్డాడు.

మహమూదా టేపు చుట్టి, ఆయన ఊపిరి వదిలేదాకా ఓపిగ్గా ఆగి, అప్పుడు కొలత చూసుకుంది. మామూలుగా మగవాళ్ళకు ఆమె టేపు పట్టదు. పాత చొక్కా ఒకటి ఆదికి తెచ్చిమ్మంటుంది. తండ్రి వయసు వాళ్ళకు మాత్రమే ఈ మినహాయింపు. మాచర్ల స్టేషను రోడ్డులో అలీ టైలర్స్ అంటే తెలియని వాళ్ళు లేరు. అలీ సాహెబ్ పోయి తొమ్మిదేళ్ళయినా బోర్డు మారలేదు, మిషను మారలేదు. కూర్చునే మనిషే మారింది.

"పదహారో తారీఖు పొద్దున్నే వేసుకోవాలి. మర్చిపోయేవు," అన్నాడు ధనుంజయరావు కోటు విప్పుతూ.

మర్చిపోవడమా! ఆరు నెలలుగా ఆమె ఆ తారీఖు తప్ప ఇంకేమీ తలచుకోవడం లేదు. హైస్కూలు గేటు పక్కన రాయి నిలబెడుతున్నారు. డెబ్బైఒకటి యుద్ధంలో పనిచేసిన చుట్టుపక్కల ఊళ్ళ సైనికుల పేర్లన్నీ ఆ రాయి మీద ఉంటాయి. మాజీ సైనికుల సంఘానికి అధ్యక్షుడు ధనుంజయరావే. రాయి ఎంచింది ఆయన, పేర్లు పోగేసింది ఆయన, ఎండలో ఊళ్ళు తిరిగిందీ ఆయనే. ఆ మాట ఒప్పుకోవాలి.

"పేర్లెన్ని తేలినయ్ బాబాయ్?"

"ముప్పైఒకటి. అన్సార్ చెక్కుతా ఉన్నాడు."

"మా అబ్బా పేరు?"

ధనుంజయరావు అద్దంలో మీసం సవరించుకున్నాడు. "మళ్ళీ మొదలెట్టావా? కాగితం తెమ్మన్నా గదా. మా నాయన యుద్ధానికి పోయాడు, మా తాత పోయాడు అని రోజుకొకడు వస్తన్నాడు. అందర్నీ ఎక్కిస్తే రాయి సరిపోద్దా? మీ నాయన పటాలంలో ఉన్నాడని నేనూ విన్నా. యుద్ధంలో ఉన్నాడో లేదో ఎవురికి తెలుసు?"

"మాకు తెలుసు."

"మీకు తెలిస్తే చాలదమ్మా. పదిహేనో తారీఖు సాయంత్రం దాకా చూస్తా. కాగితమొస్తే ముప్పైరెండో పేరు."

కాగితం ఉండేది. చంద్రవంక పొంగి ఇంట్లోకి నీళ్ళొచ్చిన ఏడు, పెట్టెలో ఉన్న డిశ్చార్జి పుస్తకం ముద్దయిపోయింది. మిగిలింది అబ్బా అన్నం తినే అల్యూమినియం డబ్బా ఒక్కటే. దాని అడుగున గుద్దిన ఆయన పటాలం నంబరును సుద్దముక్కతో రుద్ది చదివి, మహమూదా నరసరావుపేట సైనిక సంక్షేమ ఆఫీసులో జూన్‌లో అర్జీ పెట్టింది. వాళ్ళు సైన్యం రికార్డుల ఆఫీసుకు రాశామన్నారు. ఇవాళ డిసెంబరు పదకొండు.

ధనుంజయరావు మెట్లు దిగబోయి వెనక్కి తిరిగాడు. "కోటు కాలరు కింద మీ షాపు లేబులు ఒకటి కుట్టు. నలుగురికీ తెలుస్తది."

"మా షాపులో లేబుళ్ళు వెయ్యం గదా బాబాయ్."

"అదేం వ్యాపారమో!" అని నవ్వుకుంటూ పోయాడు.

నిజమే, అదేం వ్యాపారమో ఆమెకూ తెలియదు. ఊళ్ళో ప్రతి దర్జీ కాలరు లోపల తన పేరు కుట్టుకుంటాడు. అలీ సాహెబ్ ఆ చోట సూది పెట్టనిచ్చేవాడు కాదు. కొత్త పెళ్ళికొడుకులు సరదాపడి పేరు కుట్టమని అడిగినా, "ఇంటికి పోయే చొక్కా బాబూ ఇది. దీనికి పేరెందుకు?" అని పంపేసేవాడు. జనం పెద్దాయన చాదస్తం అనుకున్నారు. కూతురూ అలాగే అనుకుంది, అయినా పద్ధతి మార్చలేదు.

కవరు మర్నాడు మధ్యాహ్నం వచ్చింది. పోస్టుమాన్ సంతకం పెట్టించుకుని వెళ్ళాక, మహమూదా చేతులు కడుక్కుని వచ్చి మరీ విప్పింది. మొత్తం ఇంగ్లీషు. పదో తరగతి ఇంగ్లీషుతో వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కుంది. షేక్ అలీ సాహెబ్. అబ్బా తండ్రి పేరూ సరిపోయింది. ఊరు మాచర్ల. చేరింది అరవైఏడు. ఫిరంగుల రెజిమెంటు. డెబ్బైఒకటి డిసెంబరులో యూనిట్‌తో పాటు పశ్చిమ సరిహద్దులో ఉన్నారు.

ఆమె ఆ వరుసను మళ్ళీ చదివింది. ఉన్నాడు! ఎవడికి తెలుసు అన్నారుగా, ఇదిగో!

ఆ కింద వరుసలో "ట్రేడ్" అని ఉంది. దాని ఎదురుగా ఉన్న మాటను కూడబలుక్కోవలసిన పని లేకపోయింది. ముప్పై ఏళ్ళుగా తన షాపు బోర్డు మీద ఇంగ్లీషులో ఉన్న మాటే అది. టైలర్.

ఆమె కాగితం మడిచింది. మళ్ళీ విప్పి చూసింది. మాట మారలేదు.

నాలుగో తరగతిలో మా అబ్బా ఫిరంగి పేల్చాడు అని క్లాసంతా వినేలా చెప్పింది తనే. అబ్బా ఆ మాట అనలేదు, కాదనీ అనలేదు. పటాలం నుంచి వచ్చాక ఎవరో బంధువు దగ్గర కుట్టు నేర్చుకున్నాడని ఇంట్లో అందరూ అనుకున్నారు. అది కూడా ఆయన చెప్పిన మాట కాదు. మహమూదాకు సిగ్గేసింది. పగలంతా కుట్టుపని చేసి బతికే మనిషికి కుట్టుపని అంటే సిగ్గేయడమేమిటని ఇంకా సిగ్గేసింది. కాగితాన్ని మిషను సొరుగులో, బొత్తాల డబ్బా కింద పెట్టి మూసేసింది.

సాయంత్రం తమ్ముడు యాకూబ్ టీ తాగడానికి వచ్చాడు. పక్క వీధిలో వాడికి బైకు మెకానిక్ షెడ్డు ఉంది. పోస్టుమాన్ రావడం ఎవరో చెప్పినట్టున్నారు, వస్తూనే చెయ్యి చాపాడు. ఇవ్వక తప్పలేదు. గ్రీజు అంటకుండా అంచులు పట్టుకుని చదివాడు.

"దర్జీనా?" అన్నాడు చివరికి.

"ఊ."

"ఆపా, షెడ్డులో కుర్రాళ్ళందరికీ నేనేం చెప్పానో తెలుసా నీకు? ట్యాంకులు పేల్చాడని చెప్పా." నవ్వబోయాడు గాని నవ్వు రాలేదు. "వదిలెయ్ ఇంక. కాగితం రాలేదని చెప్దాం. ఎవురడుగుతారు?"

మహమూదా టీ గ్లాసు కింద పెట్టింది. మధ్యాహ్నం నుంచీ తనూ ఆ మాటే అనుకుంటోంది. అదే మాట తమ్ముడి నోట వినేసరికి మాత్రం ఒళ్ళు మండింది. "వచ్చిన కాగితం రాలేదని చెప్పడానికా ఆర్నెల్లు తిరిగింది నేను? యుద్ధంలో ఉన్నాడా లేదా? ఉన్నాడు. అంతే!"

మర్నాడు పొద్దున్నే ధనుంజయరావు ఇంటికి వెళ్ళింది. ఆయన వరండాలో కూర్చుని ఆహ్వాన పత్రికల మీద పేర్లు రాస్తున్నాడు. కాగితాన్ని కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. మొదటిసారి చదువుతున్నప్పుడు ముఖం వికసించింది. రెండోసారికి మామూలైపోయింది.

"అమ్మాయ్, ఇది పోరాడినోళ్ళ రాయి."

"యుద్ధంలో ఉన్నాడని రాశారు గదా బాబాయ్."

"ఉన్నాడు. కాదంటల్లా. వంటోడూ ఉంటాడు, మంగలీ ఉంటాడు, బూట్లు కుట్టేవోడూ ఉంటాడు. అందరూ కావాల్సినోళ్ళే. కానీ రాయి మీద ఒక్క దర్జీని ఎక్కిస్తే, రేపు మిగతా వాళ్ళ పిల్లలొచ్చి కూర్చుంటారు. వాళ్ళకేం చెప్పను?" కాగితం జాగ్రత్తగా మడిచి ఇచ్చాడు. ఆయన మాటలో వెటకారం లేదు. అదే ఆమెకు ఇంకా కష్టంగా తోచింది. "ఇదే యూనిట్‌లో నూజెండ్ల చెన్నకేశవులు ఉండేవాడు. ఇరవైరెండేళ్ళకు ప్రాణం ఇచ్చాడు. రాయి మీద మొదటి పేరు ఆయనదే. ఆయన అక్క శేషారత్నమ్మ చేత ముసుగు తీయిస్తన్నాం. ఆమెను పక్కన నిలబెట్టుకుని దర్జీ పేరు చదవమంటావా?"

ధనుంజయరావు పటాలంలో చేరింది డెబ్బైమూడులో, యుద్ధం ముగిసిన రెండేళ్ళకు. ఈ సంగతి ఆయనెప్పుడూ దాచలేదు, అడగని వాళ్ళకు చెప్పనూ లేదు. ముప్పైఒక్క పేర్లలో ఆయన పేరు లేదు. మహమూదాకు ఆ సంగతి తెలుసు. నాలుక చివరిదాకా వచ్చిన మాటను మింగి, వేరే మాట అడిగింది.

"నూజెండ్లలో ఆమె ఇల్లెక్కడ బాబాయ్?"

"ఎందుకు?"

"మా అబ్బా గురించి వాళ్ళ తమ్ముడు ఉత్తరాల్లో ఏమన్నా రాశాడేమో అడుగుతా."

"పిచ్చిదానా, యాభై ఏళ్ళ నాటి మాట," అన్నాడు. అయినా పెన్ను తిప్పి, ఒక ఆహ్వాన పత్రిక మీద ఆమె పేరు రాసి చేతికిచ్చాడు. "ఎట్టాగూ పోతావుగా, ఇది కూడా ఇచ్చిరా. ఆంజనేయస్వామి గుడి దాటినాక రెండో ఇల్లు."

వినుకొండ దాకా బస్సు, అక్కడి నుంచి షేర్ ఆటో. దారి పొడుగునా చేలల్లో పత్తి విచ్చి ఉంది. ఆటోలో పత్తితీత ఆడవాళ్ళ మధ్య ఇరుక్కుని కూర్చుని, ఏమని మొదలుపెట్టాలో మహమూదా మనసులో పదిసార్లు అనుకుంది. అన్నిసార్లూ "మా అబ్బా మీ తమ్ముడితో కలిసి పనిచేశాడు" దగ్గరే ఆగిపోయింది. ఏం పని అని అడగకపోతే బాగుండు.

శేషారత్నం అరుగు మీద కూర్చుని చేటలో కందికాయలు ఒలుస్తోంది. డెబ్బైఎనిమిదేళ్ళ మనిషి, చూపు మాత్రం సూదిలా ఉంది. పత్రిక తీసుకుని చూడకుండానే పక్కన పెట్టింది.

"మా అబ్బా కూడా ఆ యుద్ధంలో ఉన్నాడు పెద్దమ్మా. మీ తమ్ముడు చెన్నకేశవులు గారి పటాలమే."

"ఏం పని?"

కొందరు మనుషులు తిన్నగా అక్కడికే వస్తారు. మహమూదా అరుగు అంచున కూర్చుని, చేటలోంచి ఒక కాయ తీసుకుని ఒలిచింది. నాలుగు గింజలు రాలాయి. "దర్జీ," అంది. రెండు రోజుల్లో ఆ మాటను గట్టిగా అనడం అదే మొదటిసారి.

శేషారత్నం చేతులు ఆగిపోయాయి. చేట పక్కకు జరిపి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి లోపలికి వెళ్ళింది. తిరిగొచ్చేటప్పుడు చేతిలో తుప్పు మరకలున్న బిస్కట్ల డబ్బా ఉంది.

"మావోడు పోయాడని తంతి వచ్చింది," అంది కూర్చుంటూ. "ఆనక బూడిద తెచ్చారు కుండలో. మా నాయన ముట్టుకోలా. ఐదు రోజులు ఇసకలో ఉన్న మనిషి, మొకం ఆనవాలు లేదని మీరే అంటిరి, మావాడేనని ఎట్టా చెప్తారు అన్నాడు. కర్మ చెయ్యనంటే చెయ్యనన్నాడు. మా అమ్మయితే రోజూ పొద్దు గుంకే బస్సుకి ఎదురుపొయ్యేది. దిగినోళ్ళందరి మొకాలూ చూసొచ్చేది. బడి పంతులు చేత రాయించాడు మా నాయన, రుజువు పంపమని. నెల దాటినాక ఇది వచ్చింది, ఆఫీసరు ఉత్తరంతో."

డబ్బాలో తెల్లగుడ్డ మడత ఉంది. ఆ మడతలో ఆకుపచ్చ ఉన్ని చొక్కా కాలరు, కాలరు మాత్రమే, కత్తిరించి తీసింది.

"పట్టుకోవచ్చా పెద్దమ్మా?"

"పట్టుకో. అందుకే తెచ్చా."

మహమూదా కొంగుతో చేతులు తుడుచుకుని అందుకుంది. కాలరు లోపల ఎర్ర దారంతో అంకెలున్నాయి. గొలుసు కుట్టు. ఆమె ముందు దాన్ని తిరగేసింది. కుట్టిన మనిషి సంగతి తెలియాలంటే దర్జీలు కుట్టును వెనక నుంచే చూస్తారు. వెనక ముడి లేదు. దారం చివర రెండు కుట్లు వెనక్కి నడిచి గుడ్డలో కలిసిపోయింది. మళ్ళీ ముందుకు తిప్పింది. వరుసలో నాలుగు అంకె మూడుచోట్ల ఉంది. మూడింటికీ పై గీతలు కలవకుండా తల విడిగానే ఉంది.

బడిలో వేయకముందే అబ్బా ఆమెకు అంకెలు నేర్పాడు. పలక మీద కాదు, పాత గుడ్డ మీద, ఎర్ర దారంతో. తనను పక్కన కూర్చోబెట్టుకుని సూది చేతికిచ్చేవాడు. నాలుగు దగ్గరకొచ్చేసరికి ప్రతిసారీ చెయ్యి పట్టుకుని ఆపేవాడు. "తల కలపకు బేటీ. పది ఉతుకులకు దారం దగ్గరబడి తొమ్మిదైపోద్ది. అంకె మారితే మనిషే మారిపోతాడు." ఐదేళ్ళ పిల్లకు ఆ మాటేమర్థమవుతుంది! తల కలపకూడదని మాత్రం గుర్తుండిపోయింది. ఇప్పటికీ నోటు పుస్తకంలో కొలతలు రాసుకునేటప్పుడు ఆమె నాలుగు అలాగే ఉంటుంది.

వేలు అంకెల మీద నుంచి జారి అంచు మీదకు వెళ్ళింది. అక్కడ ఆగిపోయింది.

కత్తిరించిన అంచు అది. చొక్కా నుంచి కాలరు వేరు చేసిన చోట పీచు లేచిపోవాలి. యాభై ఏళ్ళలో సగం గుడ్డ రాలిపోయి ఉండాలి. ఒక్క పోగు లేవలేదు. చుట్టూ సన్నగా, దగ్గరదగ్గరగా అంచు కుట్టు వేసి ఉంది. అదే చెయ్యి. అదే ముడి లేని దారం.

నంబరు కుట్టిందీ ఆయనే, కత్తెర పట్టుకుని ఆ మనిషి మెడ దగ్గర నుంచి దీన్ని కోసిందీ ఆయనే. కోసి, ఎక్కడో ఒక ఊళ్ళో ఎవరో తల్లి దీన్ని దాచుకుంటుందని, పీచు లేవకూడదని, యుద్ధం మధ్యలో కూర్చుని అంచు కుట్టాడు. తర్వాత నలభై ఏళ్ళు కాలరు లోపల సూది పెట్టలేదు.

మహమూదాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. శేషారత్నం వారించలేదు, కందికాయల చేట మళ్ళీ ముందుకు లాక్కుని, ఆ ఏడుపు తగ్గేదాకా ఒలుస్తూ కూర్చుంది.

"ఇది మా అబ్బా చెయ్యి పెద్దమ్మా. ఈ నాలుగు... ఈ అంచు..."

"సర్కారు మిషను కుట్టిందనుకున్నా ఇన్నేళ్ళు," అంది శేషారత్నం. "మావోడి ఉత్తరాల మీదుండే నంబరే ఇది, అది చూసినాకే మా నాయన గుండు చేయించుకున్నాడు. మా అమ్మ బస్సుకి పోవడం మానేసింది. అది రాకపోతే సచ్చిందాకా పోతానే ఉండేది."

మహమూదా కళ్ళు తుడుచుకుని, రాయి సంగతంతా చెప్పింది. పోరాడినోళ్ళ రాయి అన్న మాట దగ్గర శేషారత్నం ముక్కు పుటాలు అదిరాయి. కాలరును ఫోనులో ఫొటో తీసుకుంటానంటే వద్దంది. రెండు రోజులు ఇప్పించమంటే అసలే వద్దంది. "ఇది గడప దాటలా ఇంతవరకూ. నువ్వు పో అమ్మాయ్. పదిహేనున నేనే వస్తా."

అన్సార్ రాళ్ళ షెడ్డు ఊరి బయట ఉంది. పదిహేనో తారీఖు మూడు గంటలకు మహమూదా, యాకూబ్ వెళ్ళేసరికి రాయి దిమ్మెల మీద పడుకోబెట్టి ఉంది. నిలువెత్తు మాచర్ల నాపరాయి. మిషను అక్షరాలు వద్దని ధనుంజయరావు పట్టుబట్టడంతో అన్సార్ పదిరోజులుగా ఉలితోనే చెక్కుతున్నాడు. కనుబొమలు కూడా తెల్లబడ్డాయి రాతిపొడితో. ధనుంజయరావు స్టూలు మీద కూర్చుని జాబితా కాగితంతో సరిచూసుకుంటున్నాడు.

"నాలుగింటికి లారీ వస్తది ఆపా. తెల్లారేసరికి నిలబెట్టాలి," అన్నాడు అన్సార్.

"ఏమన్నా తెచ్చావా?" అని ధనుంజయరావు కళ్ళద్దాల పైనుంచి చూశాడు.

"తేలేదు బాబాయ్. వస్తది."

మూడున్నర దాటింది. యాకూబ్ రోడ్డు మీదకు వెళ్ళి వచ్చాడు. "రాదేమో ఆపా, పెద్దావిడ గదా," అన్నాడు మెల్లిగా. మహమూదా రాయి మీది పేర్లు ఒక్కొక్కటే చదువుతూ నిలబడింది. ఏ పేరూ కాదనదగ్గది కాదు. ముప్పైరెండోది ఎందుకు కాదనాలో ఆమెకు అర్థం కాలేదు. ఆమె ఇక్కడి నుంచి కదలదలుచుకోలేదు. లారీ ఎక్కించినా సరే, హైస్కూలు గేటు దాకా వెంట నడవడానికే సిద్ధపడి వచ్చింది.

నాలుగుకు ఐదు నిమిషాలుండగా ఆటో ఆగింది. శేషారత్నం బిస్కట్ల డబ్బాను చంటిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని దిగింది. ధనుంజయరావు గబుక్కున లేచి, "రేపు కారు పంపుతామన్నాం గదమ్మా," అంటూ స్టూలు జరిపాడు. ఆమె కూర్చోలేదు. డబ్బా మూత తీసి, కాలరు ఆయన చేతిలో పెట్టింది.

"మా తమ్ముడు ఈడు. ఈ ముక్క లేకపోతే మీ రాయి మీద మొదటి పేరు లేదు. ఇది కుట్టినోడి కూతురు ఈమె."

మిగిలినది మహమూదా చెప్పింది, నంబరు సంగతి, అంచు సంగతి. ధనుంజయరావు వింటూ ఆ అంకెలను తడుముతూ ఉన్నాడు. ఇరవైఎనిమిదేళ్ళు పటాలంలో తిరిగిన మనిషికి కాలరు నంబరు ఎందుకు కుడతారో ఎవరూ చెప్పక్కర్లేదు. ఆయన చొక్కాలకూ ఎవరో కుట్టే ఉంటారు. ఎవరు కుట్టారో ఆయన ఏనాడూ అడగలేదు. అది ఆయన ముఖం మీద కనపడింది.

"అన్సార్," అన్నాడు కాలరును శేషారత్నం చేతికి తిరిగిస్తూ. "ముప్పైరెండో పేరు. సిపాయి షేక్ అలీ సాహెబ్."

యాకూబ్ అక్క చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. నాలుగు రోజుల కిందట మహమూదా కోరింది సరిగ్గా ఇదే. ఇంకేమీ అడగకుండా ఇంటికి వెళ్ళిపోవచ్చు.

"సిపాయి వద్దు బాబాయ్. దర్జీ అని చెక్కించండి."

"దర్జీ అనా? అది ఎందుకమ్మా, నేను ఒప్పుకున్నాగా! మిగతా వాళ్ళతో సమానంగా ఉంటదని సిపాయి అంటన్నా. చదివేవాళ్ళు చిన్నచూపు చూస్తారు."

"ఉండనీ ఆపా, సిపాయి అంటే బాగుంటది," అన్నాడు యాకూబ్ కూడా.

"ఆ రాయి మీద సిపాయిలు ముప్పైఒక్క మందున్నారు. దర్జీ ఒక్కడే," అంది మహమూదా. "ఆ పనికి నేనూ రెండు రోజులు సిగ్గుపడ్డా బాబాయ్. ఇంక పడను. అదే అచ్చరాలు, అదే సైజు. దర్జీ షేక్ అలీ సాహెబ్. లేదంటే అసలు వద్దు."

ధనుంజయరావు శేషారత్నం వైపు చూశాడు. ఆమె కాలరును తెల్లగుడ్డలో మడిచి డబ్బా మూత పెడుతోంది.

"అంతా బాగానే ఉంది గాని చోటేదీ?" అన్నాడు అన్సార్ తల గోక్కుంటూ. "ముప్పైఒకటికి కొలిచి గీతలు కొట్టా. కింద ఉన్నది ఒక్క వరసే. అది మీది సారూ."

అందరూ రాయి అడుగుకు చూశారు. పెన్సిలుతో రాసి ఉంది, ఇంకా ఉలి తగల్లేదు. "స్థాపించినవారు: సుబేదారు ధనుంజయరావు, అధ్యక్షులు." ఆ రాయి మీద ఆయన పేరు ఉండగలిగిన చోటు అదొక్కటే.

రోడ్డు మీద లారీ హారను మోగింది. ధనుంజయరావు ఆ వరుసను ఇంకోసారి చదువుకున్నాడు. తర్వాత పొట్ట అడ్డం వస్తున్నా వంగి, పక్కనున్న బకెట్లోంచి అన్సార్ తడిగుడ్డ తీసి పిండాడు. రాయి మీద అడ్డంగా ఒకసారి, మళ్ళీ ఒకసారి తుడిచాడు. పెన్సిలు గీతలు బూడిదరంగు నీళ్ళయి రాయి అంచున కారిపోయాయి.

"చెక్కు. లారీవోణ్ణి ఆగమంటా," అని రోడ్డు వైపు నడిచాడు.

పొద్దు వాలాక ఆయన కోటు కోసం షాపుకు వచ్చాడు. మహమూదా చివరి బొత్తాం కుట్టి, దారం పంటితో తెంపింది. ఇద్దరూ రాయి మాట ఎత్తలేదు. కోటు తొడుక్కుని అద్దంలో చూసుకుంటూ, ఆయన ఊరికే అడిగినట్టు అడిగాడు.

"ఎర్ర దారం ఉందా అమ్మాయ్?"

"ఉంది."

"రాయి మీద ఎటూ లేదు. కాలరు కిందన్నా నా నంబరు కుట్టు. మీ నాయన కుట్టినట్టే. నీకొచ్చుగా?"

ఆమెకు వచ్చు. ఐదేళ్ళప్పటి నుంచీ వచ్చు. సొరుగులో ఎర్ర దారపు ఉండ మీద చెయ్యి వేసి, ఒక్క క్షణం ఆగి, సొరుగు మూసేసింది.

"వద్దు బాబాయ్. ఆ నంబరు ఇంటికి రానోళ్ళ కోసం. మీరొచ్చేశారుగా." ఆయన భుజాల మీద కోటు సర్ది, కాలరు మడత సరిచేసింది. "ఇది ఇంటికి పోయే కోటు. దీనికి పేరెందుకు?"

ధనుంజయరావు అద్దంలోంచే ఆమెను చూశాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత అలవాటు ప్రకారం పొట్ట లోపలికి పీల్చి బొత్తాలు పెట్టుకోబోయాడు.

"ఊపిరి వదలండి," అంది మహమూదా. "సరిపోద్ది."

ఆయన వదిలాడు. సరిపోయింది.